మూసాపేట తరఫున

2011లో మా కాలేజీలో ఎవరినీ అడగకూడని ప్రశ్న ఒక్కటే: మీదే ఊరు? తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది; బంద్ లేని రోజు క్లాసులు, ఉన్న రోజు వాదనలు. సరిగ్గా అప్పుడే ఒక సెమిస్టర్ చదువుకని ఐర్లండ్ నుంచి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని మా కాలేజీలో దిగిన నీవ్ అనే అమ్మాయి, క్యాంటీన్‌లో కనపడ్డవాళ్ళందరినీ నవ్వుతూ అదే అడిగేది. వాళ్ళ దేశంలో కర్రతో బంతి కొట్టే ఆటొకటి ఉందట. ఎంత మొనగాళ్ళయినా సొంత ఊరికే ఆడతారట. ఊరు తెలియకపోతే మనిషి తెలియనట్టే ఆమెకి.

వార్షికోత్సవానికి అమ్మాయిల కబడ్డీ పెట్టారు. జట్లు వాటంతటవే తెలంగాణ, ఆంధ్ర అయిపోయాయి. నాకు కబడ్డీ అంటే ప్రాణం, పైగా అదే ఆఖరి ఏడాది. తెలంగాణ కెప్టెన్ రాజరాజేశ్వరి దగ్గరికి వెళ్ళాను.

"తేజస్వినీ, మీ నాయిన ఊరేంది?" అంది.

"అనంతపురం. గని నేను పుట్టింది మూసాపేటల."

"అయితే గటు పో."

ఆంధ్ర జట్టు దగ్గరికి వెళితే నా యాస విని నవ్వారు. "మీరు అచ్చం తెలంగాణవాళ్ళేనండీ!" అని వెటకారం. ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నదాన్ని, ఏ జట్టుకూ పనికిరాకుండా పోయాను.

ఎవరి మనిషీ కాదని నీవ్‌ని రిఫరీని చేశారు. ఆట మొదలయ్యే ముందు నేను పక్కన కూర్చోవడం చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"ఊరంటే తండ్రి పుట్టిన చోటు కాదు. నువ్వు మొదట ఎక్కడ ఆడావు?" అంది ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

"మూసాపేటలో, మా సందులో."

నీవ్ రాజరాజేశ్వరి వైపు చూసింది. పొద్దున్నే ఒకమ్మాయికి కాలు బెణికి వాళ్ళకి ఒకరు తక్కువయ్యారు కూడా.

"సరె, రా. ఓడగొడితే మాత్రం చూస్కో!" అంది రాజరాజేశ్వరి.

ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆఖరి కూతకు నన్ను పంపారు. పారిపోతున్నట్టు వెనక్కి తిరిగి, కాలు వెనక్కి విసిరాను. ఇద్దరికి తగిలింది. గీత దాటి వచ్చి పడ్డాను. గెలిచాం.

రాజరాజేశ్వరి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. "గా కాలు ఇసురుడు ఏడ నేర్చినవే? మాలో ఎవ్వరికీ రాదు!"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"మా నాయిన నేర్పిండు. ఆయనేమో అనంతపురంల నేర్చుకున్నడు."

నన్ను కిందికి దించేసింది. ఆమె చాలాసేపు మోకాళ్ళ మట్టి దులుపుకుంది.

"ఆదివారం మీ ఇంటికొస్తం," అంది చివరికి. "మీ నాయినను ఏడికీ పోవద్దను. మా అందరికీ నేర్పాలె."