పేటెంట్ కాగితం మీద సంతకం

నాచారంలో పంపు విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీకి ఆర్డర్లన్నీ సొంత వెబ్‌సైట్ మీదే వస్తాయి. ఆ సైట్ నడిచే సర్వర్‌ను పద్దెనిమిదేళ్లుగా చూసుకుంటున్నవాడు బిక్షపతి. ఏడో తరగతిలో బడి మానేసి, వైర్లు లాగడానికి వచ్చి, చూసి చూసి నేర్చుకున్నాడు.

ఆ మధ్య పెద్ద కొనుగోలుదారు నుంచి ఉత్తరం వచ్చింది: మీ ఎన్‌క్రిప్షన్ పాతబడింది, ఆర్డర్లలో ఏముందో దారిలో ఎవడైనా చదివేస్తాడు, నెలాఖరులోగా మార్చకపోతే మాకూ మీకూ చెల్లు. మార్చాలంటే కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. అదివ్వాలంటే పాత లైసెన్సు నంబరు చెప్పమంది అమ్మిన కంపెనీ. ఆ నంబరు సర్వర్ డబ్బాకు అంటించిన స్టిక్కర్ మీద ఉండేది. ఏటా ఆయుధపూజకు లేత్ మిషన్లతో పాటు సర్వర్‌కూ పసుపు రాసి, బొట్లు పెట్టి, మర్నాడు తడిగుడ్డతో రుద్ది తుడిచింది బిక్షపతే. బొట్టు నిలిచేది ఆ స్టిక్కర్ మీదే మరి. ఇప్పుడక్కడ ఒక్క అంకె లేదు.

"ఎక్కడా రాసి పెట్టుకోలేదా?" అన్నాడు యజమాని గంగాధరరావు.

"రాసుకోమని చెప్పినోళ్లు లేరు సార్. బొట్టు పెట్టుమన్నోళ్లయితే ఉన్నరు."

చివరికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని బిక్షపతే పని కానిచ్చాడు. అంతలో కొనుగోలుదారు ఇంకో కాగితం పంపాడు. ఈ ఎన్‌క్రిప్షన్ మీద ఎవరి పేటెంటూ లేదని, రేపు ఎవరైనా దావా వేస్తే బాధ్యత తనదేనని, సర్వర్ చూసే మనిషి సంతకం చేయాలట.

"పెట్టు బిక్షపతీ. ఎక్కించింది నువ్వేగా. టెక్నికల్ ఇన్‌చార్జివి."

"గా సంగతి నాకు ఇయ్యాలనే తెలిసింది సార్."

"వెటకారాలొద్దు. ఫ్రీ అన్నావుగా, ఇంకా భయమేంటి?"

"పైసల్లేకుండ ఇస్తరు, గంతే. లోపలి పద్ధతి కనిపెట్టినోళ్లు వేరే ఉంటరు. శానా పేటెంట్ల గడువు అయిపోయిందంటున్నరు. అన్నిటిదీ అయిపోయిందా అంటే, వకీలును అడుగుమంటున్నరు. మన వకీలు సార్ ఏమన్నడు?"

"ఆయన పెట్టనన్నాడు."

"మీరు?"

గంగాధరరావు ఫోను చూసుకున్నాడు.

పెట్టకపోతే కొలువు పోతుంది. యాభై దాటిన, సర్టిఫికెట్ లేనివాణ్ణి మల్లాపూర్‌లో ఏ ఫ్యాక్టరీ గేటూ లోపలికి రానివ్వదు. పెడితే చిల్కానగర్‌లో కట్టుకున్న రెండు గదులు ఎవడి దావాకో పోవచ్చు. చదువుకున్నవాళ్లు ముట్టని కాగితాలన్నీ చదువు లేనివాడి ముందుకే వస్తాయి.

బిక్షపతి పెన్ను తీసి, 'ఎవరి పేటెంటూ లేదు' అన్న ముక్కకు ముందు 'నాకు తెలిసినంత వరకు' అని ఇరికించి సంతకం పెట్టాడు.

"ఇలా దిద్దితే వాళ్లు ఒప్పుకోరయ్యా."

"గంతకు మించి నాకు తెల్వది సార్."

వాళ్లు ఒప్పుకోలేదు. సోమవారం ఉప్పల్ నుంచి గంగాధరరావు పిలిపించిన ఫణీంద్ర అనే ఇంజనీరు వచ్చాడు. బిక్షపతి పాస్‌వర్డు చెప్పాడు. ఫణీంద్ర అరగంట చూసి, "బాగానే చేశారు, మార్చేదేం లేదు" అని, కొత్త కాగితం చదవకుండానే సంతకం గీకేశాడు. పోతూ పోతూ పాస్‌వర్డు మార్చి, గంగాధరరావు ఒక్కడికే చెప్పాడు.

"ఈ నెలాఖరు దాకా రా బిక్షపతీ. తరవాత చూద్దాం," అన్నాడు గంగాధరరావు.