ఆదివారం టిల్లీ

తలుపు తీసేసరికి మళ్లీ అతనే, ఎమరీ పెల్కీ. నిన్న సిగ్నె ఇతని ముఖం మీదే తలుపు వేసింది.

"పాత కాగితాలు ఏరుకోవడం తప్ప వేరే పనే లేదా నాయనా నీకు?"

"మా ఆవిడా అదే అడుగుతుందండీ. లోపలికి రానివ్వకపోతే ఈ మంచులోనే కూర్చుంటా. నేను బిగుసుకుపోతే ఎత్తి పారేయాల్సింది మీరే."

"అంత బరువు నేను ఎత్తలేను. రా."

గ్రంథాలయాలు పాత పత్రికలను నలుపు తెలుపు ఫిలింలోకి ఎక్కించుకుని అసలు కాగితాలను వదిలించుకుంటుంటే, ఎమరీ వాన్ వేసుకుని ఊరూరా తిరిగి ఆదివారం రంగుల పేజీలను కాపాడుతున్నాడు. అలా దొరికిందే 'టిల్లీ' బొమ్మల కథ. వారం వారం బాతు తప్పించుకుపోతుంది, టిల్లీ అనే చిన్నపిల్ల దాని వెనక పరిగెడుతుంది. మూలన సంతకం బదులు చిన్న చేప. గీసినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. బొమ్మల్లో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఈ డూలూత్ రేవు కనబడితే ఇక్కడికొచ్చి వాకబు చేశాడు. "సిగ్నెకి తెలుసు. కానీ తిడుతుంది" అన్నారు అందరూ.

"పుస్తకం వేస్తున్నానమ్మా. ఆయన పేరు లేకుండా ఎలా?"

"ఆ పేరు నా నోట రాదు."

సిగ్నెకి ఏడేళ్లప్పుడు, షికాగో పత్రికవాళ్లను కలిసొస్తానని, టిల్లీని గీసే నాన్న నవంబరులో సరుకు ఓడ ఎక్కాడు. తుఫానులో ఓడ మునిగింది. శవాలు దొరకలేదు. అమ్మ సంతాపంగా నల్లబట్టలు కట్టుకుంది. కానీ ఆ ఆదివారం పత్రికలో టిల్లీ ఎప్పటిలాగే పరిగెత్తింది. ఆ పై ఆదివారమూ అంతే. అమ్మ నల్లబట్టలు విప్పేసింది. "మునిగినవాడు బొమ్మలు గీస్తాడా? ఓడ ఎక్కనే లేదు. మనల్ని వదిలించుకున్నాడు" అంది. ఆ తర్వాత వచ్చిన పేజీలన్నీ విప్పకుండానే పొయ్యిలో పడ్డాయి. తనకూ కూతురికీ పుట్టింటి ఇంటిపేరే పెట్టుకుంది. అప్పటినుంచి ఎవరైనా ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే చాలు, సిగ్నె అక్కడినుంచి లేచిపోయేది. పెళ్లాడమని అడిగిన ఓడ మనిషిని అందుకే కాదంది.

ఎమరీ బల్ల మీద ఒక పేజీ పరిచాడు. "ఇదే ఆఖరిది. క్రిస్మస్ ముందు ఆదివారం."

చూడకూడదనుకుంటూనే చూసింది. టిల్లీ బొటనవేలికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

సిగ్నె తన బొటనవేలు పట్టుకుంది. మచ్చ ఇంకా ఉంది.

"పొయ్యి తగిలి కాలింది. తన ఎర్ర రుమాలు చింపి కట్టాడు. మర్నాడే ఓడెక్కుతానని వెళ్లాడు మా నాన్న."

"అయితే ఆ రాత్రి గీసి ఉంటాడు."

"క్రిస్మస్‌కి వచ్చిందంటున్నావుగా! ఓడ మునిగాక కూడా బొమ్మలొస్తున్నాయనే, అసలు ఓడెక్కలేదంది అమ్మ. నా వేలు గుర్తుపెట్టుకుని ఎక్కడో కూర్చుని గీశాడన్నమాట. ఒక్క ఉత్తరం రాయడానికి మాత్రం చేయి రాలేదు."

ఎమరీ ఆమె వంక వింతగా చూశాడు. "అమ్మా, రంగుల పేజీ ఏ వారానికావారం గీసేది కాదు. అచ్చు దిమ్మలు చేయాలి, ఒక్కో రంగూ విడిగా వేయాలి, ఊళ్లకు పంపాలి. చాలా వారాల ముందే గీసి ఇచ్చేసేవాళ్లు. మీ నాన్న బయల్దేరేముందు పోస్టు చేసినవే మీ అమ్మ చూసింది."

"మరి క్రిస్మస్ తర్వాత?"

"రాలేదు. పంపినవి అయిపోయాయి. తర్వాత గీసినదొక్కటీ ఎక్కడా లేదు."

సిగ్నె కిటికీ వైపు తిరిగింది. బయట సరస్సు గడ్డకట్టి తెల్లగా ఉంది.

"ఓడ ఎక్కాడన్నమాట," అంది చివరికి. "వదిలిపోలేదు. పాపం అమ్మ... నల్లబట్టలు విప్పకుండా ఉండాల్సింది."

"కాఫీ ఇమ్మంటారా? నేనే కాస్తాను."

"నా వంటింట్లో నువ్వు కాయడమేంటి, కూర్చో." లేచింది గానీ మళ్లీ కూలబడి, ఎర్రగుడ్డ మీద వేలు ఆనించింది. "పెన్సిల్ తీయి. టోర్వాల్డ్ నీగార్డ్. ఎక్కడా తప్పు రాయకు."

అతను రాశాడు.

"కూతురని నా పేరు కూడా వేస్తావా?"

"తప్పకుండా. సిగ్నె హాల్వర్సన్ అనేగా?"

"కాదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "సిగ్నె నీగార్డ్."