ముల్లు సున్నా మీదే ఉండేది

నేను ఒక త్రాసుని. కూరగాయలు తూచేదాన్ని కాదు, బంగారం తూచేదాన్ని అంతకంటే కాదు; పసిపిల్లల్ని తూచేదాన్ని. గుండ్రటి ముఖం, అద్దం వెనక ఎర్ర ముల్లు, కింద కొక్కెం. కొక్కేనికి గుడ్డలాగు తగిలించి, అందులో బిడ్డ కాళ్ళు దూర్చి వేలాడదీస్తారు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి నవ్విస్తుంది, ముల్లు ఊగి ఊగి ఒక అంకె దగ్గర నిలబడుతుంది. ఆ అంకెను మనుషులు పుస్తకంలో రాసుకుంటారు. పుస్తకంలోకి ఎక్కిన అంకెను వాళ్ళు కళ్ళెదుట ఉన్న బిడ్డకంటే ఎక్కువగా నమ్ముతారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎక్కడో ఒక పట్నంలో, రేకుల షెడ్డులో తయారయ్యాను. పెట్టెలో పెట్టేముందు ఒకాయన నాకు ఐదు కిలోల ఇనుప గుండు తగిలించి చూశాడు. సరిగ్గా ఐదు చూపించాను. ఆయన తల ఊపి నా వీపున ఒక ముద్ర గుద్దాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో నన్ను మళ్ళీ ఎవరూ పరీక్షించలేదు.

రెండేళ్ళు ఆఫీసు గోడౌనులో పడి ఉండి, చివరికి శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న గుల్లపేట అంగన్‌వాడీకి చేరాను. ఊరి చుట్టూ ఉప్పు మడులు. ఆడవాళ్ళు తెల్లవారకముందే మడుల్లో దిగి ఉప్పు లాగుతారు. చంటిపిల్లల్ని గట్టు మీద గోనెపట్టా నీడలో పడుకోబెట్టి, నాలుగైదేళ్ళ అక్కను కాపలా పెడతారు. బిడ్డ ఏడ్చినా తల్లికి వినపడదు. గాలి హోరు అలాంటిది. ఆ గాలి నిండా ఉప్పే.

టీచరు పేరు విశాలాక్షి. నాకు దొరికిన మనుషుల్లో ఆమెంత జాగ్రత్త గల మనిషి లేదు. ప్రతి నెలా మొదటి సోమవారం నన్ను దూలానికి వేలాడదీసి, పొడిగుడ్డతో అద్దం తుడిచి, ముల్లు కాస్త పక్కకు జరిగి ఉంటే మర తిప్పి సున్నా మీదకు తెచ్చేది. ఏడాదికోసారి ఆఫీసు నుంచి వచ్చే కాగితంలో 'పరికరం సక్రమంగా పనిచేయుచున్నది' అన్న చోట టిక్కు పెట్టేది. ముల్లు సున్నా మీద ఉందిగా, మరి.

కానీ ఉప్పుగాలి నా లోపలికి వచ్చేసింది. స్ప్రింగు తుప్పు పట్టి, పొట్టు రాలి, సన్నబడింది. సన్నబడ్డ స్ప్రింగు చిన్న బరువుకే ఎక్కువ సాగుతుంది. మొదట వంద గ్రాములు ఎక్కువ చూపించాను. తర్వాత రెండొందలు. కొన్నేళ్ళకి ఏడెనిమిది కిలోల బిడ్డ దగ్గర ముప్పావు కిలో పైమాటే. ఖాళీగా ఉన్నంతసేపూ నేను నిజమే చెప్పేదాన్ని. బిడ్డ వేలాడగానే అబద్ధం మొదలయ్యేది. నాకు తెలుసు. నోరు లేదని ఎంత సరిపెట్టుకున్నా, తెలుసన్నది మాత్రం పోదు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఉప్పు కూలీల మహిళా సంఘానికి పెద్ద ఉండేది. యాభై ఏళ్ళ మనిషి. ఆమె కోడలు పురిటినొప్పులతో ఆటోలో పోతూ పోతూ దారిలోనే కన్నది. ఆ బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టుదల. మడుల దగ్గర చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఒక షెడ్డు, వేడి అన్నం, ఒక ఆయా ఉండాలి. నెలలు నిండిన ఆడవాళ్ళు ముందే వచ్చి ఉండడానికి రోడ్డు పక్కన ఒక గది ఉండాలి. తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఇలాంటి వాటికి గ్రాంటు ఇస్తుందని ఎవరో చెబితే, ఆ దరఖాస్తు తీసుకుని విశాలాక్షి దగ్గరికి వచ్చింది.

ఇద్దరూ నా కిందే చాప పరుచుకుని నాలుగు వారాలు ఆ కాగితాలు నింపారు. పంచాయతీ తీర్మానం, స్థలం ఇచ్చినట్టు పత్రం, సంఘం సంతకాలు, ఫొటోలు. ఆఫీసులో ఒకాయన మూడు ప్రతులు కావాలన్నాడు. మూడు ఇస్తే, ఒకటి చాలు, మిగతావి తీసుకుపొమ్మన్నాడు. అన్నీ కుదిరాయి. చివరిపేజీలో ఒక షరతు ఉంది. ఊళ్ళోని ఐదేళ్ళలోపు పిల్లల్లో కనీసం మూడోవంతు మంది తక్కువ బరువు ఉన్నట్టు తూకాల పట్టీ జతచేయాలి. గుల్లపేటలో నలభై రెండు మంది పిల్లలు. పద్నాలుగు మంది తేలితే చాలు.

వారం రోజులు ఒక్కొక్కరినీ తూచారు. తవిటమ్మ అనే ఆమె ఉప్పు కాళ్ళతోనే మడి నుంచి పరిగెత్తుకొచ్చి తన పద్నాలుగు నెలల కూతురు ఊర్మిళను నాకు వేలాడదీసింది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేక నా కొక్కెం వంక చూస్తూ ఉండిపోయింది. నా ముల్లు ఏడున్నర దగ్గర ఆగింది. విశాలాక్షి ఎదుగుదల కార్డులో చుక్క పెట్టింది. చుక్క ఆకుపచ్చ పట్టీలో, సరిగ్గా అంచు మీద పడింది. అంటే ఫర్వాలేదని అర్థం.

దాలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. "టీచరమ్మా, సీపురుపుల్లలా ఉంది. నీ మిషను ఏడున్నరంటాదేటి?"

"మిషనుకి మన మీద ప్రేమా, కోపమా అత్తా? ఉన్నది చూపిస్తుంది," అంది విశాలాక్షి.

ఊర్మిళ అసలు బరువు ఆరు కిలోల ఆరువందలు.

పట్టీ పూర్తయ్యేసరికి తక్కువ బరువు పిల్లలు తొమ్మిది మందే తేలారు. దాలమ్మ గొంతు తగ్గించి, "అందరికీ ముప్పావు కిలో తగ్గించి రాసీ తల్లీ. ఎవలొచ్చి తూస్తారు?" అంది.

విశాలాక్షి కలం మూతపెట్టింది. "పిల్లల పేరు చెప్పి దొంగలెక్క రాయలేనత్తా. నా చెయ్యాడదు."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. దాలమ్మ అడిగిన దొంగలెక్కే నిజం. విశాలాక్షి నిజాయితీగా రాసిన ప్రతి అంకే అబద్ధం. ఆమె నీతి మొత్తం నా తుప్పు మీద నిలబడి ఉంది.

దరఖాస్తు నెలన్నరకు తిరిగొచ్చింది. 'నిర్ణీత సంఖ్యకన్నా తక్కువైనందున పరిశీలించబడలేదు' అని ఒక్క వాక్యం.

ఆషాఢంలో వానలు పట్టాయి. ఊర్మిళకు విరేచనాలు మొదలయ్యాయి. కార్డులో ఫర్వాలేదని ఉండబట్టి ఎవరూ గాభరాపడలేదు. విశాలాక్షి కూడా ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగించమని చెప్పి, అదనపు పోషకాహారం పొట్లాలు మాత్రం పట్టీలోని తొమ్మిది మందికే పంచింది. మూడోరోజుకి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. అప్పుడు పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. విశాలాక్షీ వెంట వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఊర్మిళను దుప్పట్లో చుట్టి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో జరిగింది తర్వాత విశాలాక్షి దాలమ్మతో చెబుతుంటే విన్నాను. అక్కడి మిషను మీద పిల్ల ఆరు కిలోల రెండొందలు తూగిందట. నర్సు కార్డు చూసి, పదిహేను రోజుల కిందటి నెలవారీ తూకంలోనూ ఏడున్నర ఉన్న పిల్ల ఇంత ఎలా తగ్గుతుందని అడిగిందట. తగ్గడం కాదు, ఆ ఏడున్నరే తప్పు అయి ఉండాలని కూడా అందట.

ఊరికి వచ్చిన మర్నాడు ఉదయం విశాలాక్షి ఒంటరిగా అంగన్‌వాడీ తలుపు తీసింది. చేతిలో సంచీ, అందులో సీలు విప్పని కిలో ఉప్పు పాకెట్లు ఐదు. నన్ను దూలానికి తగిలించి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసి, సంచీ వేలాడదీసింది. ఆ క్షణంలో ఎలాగైనా ఐదు దగ్గర ఆగాలని ప్రయత్నించాను. ఆమె కోసం. ఆగలేకపోయాను. ముల్లు ఐదున్నర దాటి పోయింది. ఆమె పాకెట్లు తీసి మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ తగిలించింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె మాత్రం నన్ను సంచీలో వేసుకుని నేరుగా దాలమ్మ ఇంటికి వెళ్ళింది; అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి తవిటమ్మ ఇంటికి వెళ్ళారు. తవిటమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"తవిటమ్మా, ఈ మిషను ఎక్కువ చూపిస్తోంది. ఎన్నాళ్ళనుంచో తెలీదు. పరీక్షించి చూడాల్సింది నేను. చూళ్ళేదు," అంది విశాలాక్షి.

తవిటమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేము వాకిట్లో చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చాం.

పక్క ఊరి కొత్త మిషను తెచ్చి నలభై ఒక్క మందినీ మళ్ళీ తూచారు. తక్కువ బరువు పిల్లలు ఇరవై మంది. రెండో దరఖాస్తుతో పాటు విశాలాక్షి ఒక ఉత్తరం రాసింది: పాత తూకాలు తప్పు, త్రాసు చెడిపోయింది, నేను గమనించలేదు, ఒక బిడ్డ చనిపోయింది. సూపర్‌వైజరు చదివి, ఆ చివరి వాక్యాలు తీసెయ్యమనీ, మళ్ళీ సర్వే చేశామని రాస్తే సరిపోతుందనీ, ఉద్యోగం సంగతి ఆలోచించుకోమనీ మంచిమాటగానే చెప్పింది. విశాలాక్షి తీయలేదు. మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకుంది. ఆరు నెలలు ఆమె సర్వీసు ఊగిసలాడింది. చివరికి హెచ్చరికతో వదిలేశారు.

గ్రాంటు మంజూరైంది. మరుసటి వేసవికి మడుల పక్కన షెడ్డు లేచింది, రోడ్డు మీద గది లేచింది. ఇప్పుడు చంటిపిల్లలు గోనెపట్టా కింద ఉండరు. వారానికోసారి నర్సు వస్తుంది. ఊరంతా సంతోషించింది. నేను మాత్రం మూల బీరువాలో, ఆ షెడ్డు ఒక్క ఏడాది ముందే రావలసిందని లెక్కవేసుకుంటూ ఉండేదాన్ని.

మొన్న ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పనికిరాని సామాను పాత ఇనుము కింద పంపాలి. ఒక్కో వస్తువుకీ కారణం రాసి, తల్లుల కమిటీలో ఒకరి చేత సంతకం చేయించాలి. ఈ ఏడు కమిటీలో తవిటమ్మ ఉంది. ఆమెకు మళ్ళీ ఏడో నెల. నెమ్మదిగా వచ్చి బల్ల ముందు కూర్చుంది. విశాలాక్షి కాగితం చదివి వినిపించింది: 'పిల్లల త్రాసు ఒకటి. కారణం: బరువు సరిగా చూపనందున.'

తవిటమ్మ నన్ను ఒడిలోకి తీసుకుని ముల్లును చూసింది. అద్దం మీద బొటనవేలు పెట్టింది. విసిరికొడుతుందనుకున్నాను. కొట్టనీ అనుకున్నాను.

"రెండు దరకాస్తులు ఎట్టినారు. అన్ని కాయితాల్లోనూ ఇంతమంది పిల్లలు, అంతమంది పిల్లలని అంకెలే," అంది ఆమె. "నా గుంట పేరు ఎక్కడా నేదు. ఇందులో రాయండి."

కారణం రాసే గడిలో చోటు లేదు. విశాలాక్షి అంచులో, చిన్న అక్షరాలతో, 'ఊర్మిళ, పదహారు నెలలు' అని రాసింది. ఆఖరి అక్షరం గీత దాటింది. తవిటమ్మ ఆ రెండు మాటల మీద వేలుపెట్టి, ఒకసారి చదివించుకుని, కింద సంతకం చేసింది. తర్వాత ఆ కాగితాన్ని తనే మడిచి, దారంతో నా కొక్కేనికి కట్టింది.

ఇప్పుడు ఆఫీసు వెనక విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. లారీ రేపో మాపో వస్తుంది. గాలి వీచినప్పుడు ఆ కాగితం కదులుతుంది. దానికి బరువంటూ లేదు. నా ముల్లు కదలదు.