రోజుకెన్ని మాటలు

ఉతికిన బట్టలు మంచం మీద కుప్పపోసి, ముందుగా మావారి చొక్కా చేతిలోకి తీసుకున్నాను. "ఇది నాన్న చొక్కా. నాన్న విప్పి కుర్చీ మీద పడేశారు. అమ్మ తీసింది. నానబెట్టింది. కాలరు రుద్దింది." ఎదురుగా కూర్చున్న పాప నా నోటికేసే చూస్తోంది.

ఆయన పేపరు దించారు. "పిల్లకి నా మీద చాడీలు చెబుతున్నావా?"

"చాడీలు కాదండీ, వైద్యం."

నిజంగా వైద్యమే. పాప పది వారాలు ముందే పుట్టింది. రెండు అరచేతుల్లో ఇమిడేంత పిల్ల. నెలన్నర గాజుపెట్టెలోనే ఉంది. కడుపుతో ఉండి ఆఫీసుకు వెళ్ళడం వల్లే ఇలా అయిందని అత్తగారు చుట్టాలందరికీ చెప్పారు. రెండేళ్ళు నిండినా పాప నోట ఒక్క మాట లేదు. తోటికోడలి కొడుకు ఏడాదికే గడగడా మాట్లాడేశాడని రోజూ వినాల్సి వచ్చేది. చివరికి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. వినికిడి బాగానే ఉందన్నారామె. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి మాటలు ఆలస్యమవుతాయని, వయసును పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేయాలని, తప్పు నాది కాదని రెండుసార్లు చెప్పారు. తర్వాత అడిగారు: "ఇంట్లో పాపతో రోజుకెన్ని మాటలు మాట్లాడతారమ్మా?"

పుట్టింట్లో నన్ను రేడియో అనేవాళ్ళు. ఈ ఇంటికొచ్చిన వారానికే "కోడలికి నోరు కాస్త ఎక్కువే" అన్నారు అత్తగారు. టీవీ వినపడటం లేదని విసుక్కునేవారు ఈయన. ఒక్కో మాటా మింగుతూ ఆరేళ్ళలో సగం మూగదాన్నయ్యాను. అలాంటి నాకు ఆ థెరపిస్టు మాట్లాడమని చీటీ మీద రాసిచ్చారు! చేసే ప్రతి పనీ పాపకు చెప్పాలి. అడిగి, ఆగి, తనకు సమయమివ్వాలి.

మూడు నెలలుగా అంట్ల దగ్గర, ఇస్త్రీ దగ్గర, చీపురు పట్టుకుని కూడా చెబుతూనే ఉన్నాను. మొదట్లో నా గొంతే నాకు కొత్తగా ఉండేది. ఇప్పుడు ఆపమన్నా ఆగదు.

"ఈ చొక్కా ఎవరిది?" అని ఆగాను. మనసులో పది లెక్కపెట్టేలోపే పాప పెదవులు కదిలాయి.

"నాన."

ఆయన చేతిలో పేపరు జారిపోయింది. అత్తగారు తడిచేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "నన్నే అంది," అంటూ ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆశ పట్టలేక ఇంకోటి అడిగాను. "మరి మడత ఎవరు పెడతారు?"

ఆయన "అమ్మ" అని అందించబోతే వేలు చూపించి ఆపాను. పాప చొక్కాను రెండు చేతులా ఈడ్చుకెళ్ళి ఆయన ఒళ్ళో పడేసింది.

"నాన."

దిద్దుతానేమోనని ఆయన నావైపు చూశారు. అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "పిల్ల నోరు తెరిచి అడిగింది. కానీయరా," అన్నారు.

నేను దిద్దలేదు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మంచానికి జారబడ్డాను. ఆయన చొక్కా మడతపెడుతుంటే, ఆ పని ఎలా చేస్తారో మొదటినుంచీ చివరిదాకా నా కూతురికి వివరించి చెప్పాను.