రెండో ఫోన్‌లో పాట

ఇంకా ఆగలేదు, పల్లవి అయిపోయి మొదటి చరణంలోకి వచ్చేసింది, మామూలుగా ఈపాటికి ఆగిపోవాలి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే అక్కకు కాస్త తీరిక దొరుకుతుందని నా ఊహ, ఎక్కడ ఏ పని చేస్తోందో తెలియదు గానీ తన తీరిక వేళలు మాత్రం నాకు తెలుసు, ఇవాళ ఆగకపోతే ఇంకెప్పటికీ ఆగదు, రేపటి నుంచి పాత ప్లాన్ ఉండదు, ఆ సంగతి పాటల యాప్ కంపెనీ వాళ్లు ఎంత సంతోషంగా రాశారో, ఇకపై మీ పాటకు ఏ అంతరాయమూ ఉండదు అని, నాకు కావలసిందే ఆ అంతరాయమని వాళ్లకెలా చెప్పడం, నాన్న కుడి చెవిలో ఒక ఇయర్‌ఫోన్, నా ఎడమ చెవిలో ఒకటి, మధ్యలో సన్నటి తెల్ల తీగ, నాన్నకు అవతలి పక్క ఎడమ చేతి నుంచి మిషనుకు రెండు గొట్టాలు, ఒకదాంట్లో రక్తం వెళుతుంది, ఇంకోదాంట్లో తిరిగి వస్తుంది, పలాస డయాలసిస్ సెంటర్‌లో ఏసీ చలికి నాన్న దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు, కళ్లు మూసుకున్నాడు, నిద్రా కాదు మెలకువా కాదు, పాదం మాత్రం దుప్పటి కింద తాళం వేస్తోంది.

పక్క మంచం మన్మథరావు మావది, వజ్రపుకొత్తూరు నుంచి ఆటోలో వస్తాడు, చేతికి సూదులున్నా నోటికి విరామం లేదు, ఏటే మిరియం, మీ నాన్నకి ఒక్క సెవికే పాట ఎడతావు, రెండో సెవి ఏటి పాపం సేసినాదే అన్నాడు, నాన్న కళ్లు తెరవకుండానే, రెండో సెవి నీ సోది ఇనడానికి ఉంచినాను బావా అన్నాడు, నర్సు ప్రమోదిని గారు నవ్వాపుకుంటూ, రాజరత్నం గారూ చెయ్యి కదపకండి, మిషను కూస్తుంది అన్నారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఫోన్ తెర వైపు చూశాను, పాట నడుస్తూనే ఉంది.

డౌన్‌లోడ్ చేసిన పాటలే ఇవన్నీ, నెట్ ఆపేసి వింటే ఎవరికీ ఎవరూ అడ్డు రారు, ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు, అయినా నెట్ ఆపను, ఆపితే అక్క ఎలా తగులుతుంది, ఒక ఖాతా, రెండు ఫోన్లు, పాట మాత్రం ఒక్కసారి ఒక్క ఫోన్‌లోనే, అదే పాత ప్లాన్, రెండో ఫోన్‌లో ఎవరైనా పాట పెడితే మొదటి ఫోన్‌లో పాట ఠక్కున ఆగి, మీ ఖాతాలో మరో ఫోన్‌లో పాట నడుస్తోంది అని వస్తుంది, ఆ ఖాతా తెరిచింది అక్కే, పలాస బట్టల కొట్లో పనికి చేరిన కొత్తలో, మొదటి జీతంతో ఫోన్ కొనుక్కుని, ఆ రాత్రే నా పాత ఫోన్‌లో కూడా అదే ఖాతా పెట్టి, ఇదిగోనే సిన్నదానా, ఇకమీదట నువ్వూ నానూ కొట్టుకోవాలి అంది, మా ఊళ్లో గాలి గట్టిగా వీస్తే సిగ్నల్ పోతుంది కాబట్టి పాటలన్నీ పలాసలోనే దింపుకుని వచ్చేది, జీడితోటలో ఎండుటాకుల మీద కూర్చుని సగం పాట తను, సగం పాట నేను, మొదటి చరణం కాగానే అడగకముందే నాకు ఇచ్చేసేది, ఎప్పుడూ మోసం చెయ్యలేదు, అలాంటి మనిషి.

అలాంటి మనిషి ఎలా వెళ్లిపోయిందో, ఆ విశాఖ ఆస్పత్రి వరండా, ఫినాయిలు వాసన, నాన్న రెండు కిడ్నీలూ పోయాయన్నాక అందరికీ పరీక్షలు చేశారు, అమ్మకు సుగరు ఉందని వద్దన్నారు, నాకు ఈడు చాలదన్నారు, అక్కది సరిపోయింది, నానిస్తాను డాక్టరు గారూ అని అక్కే అంది, ఎవరూ బలవంతపెట్టలేదు, ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి నాకు జడ వేసింది, వేళ్లు చల్లగా ఉన్నాయి, ఏటక్కా సలేత్తందా అంటే, లేదే, ఏసీ అంది, అక్కడ ఏసీ లేదు, నాకు అప్పుడే తెలియాల్సింది, తెల్లారి టీ తాగొస్తానని కిందికి దిగింది, నర్సు వచ్చి గ్లోరీ ఎవరు, గ్లోరీ ఎవరు అని పిలుస్తుంటే ఆపరేషన్‌కు వేసుకోవాల్సిన ఆకుపచ్చ గౌను మంచం మీద చక్కగా మడతపెట్టి ఉంది, బట్టల కొట్లో చీరలు మడిచినట్టు, అంచు అంచుకు కలిపి, అంతే, ఫోన్ ఆగిపోయింది, నెంబరే లేకుండా పోయింది, బరంపురంలో ఎవరో చూశామన్నారు, కాదు బెంగళూరన్నారు, తిరుగు రైలులో అమ్మ ఒకే మాట అంది, దాని పేరు నా ఇంట్లో ఇనబడిందంటే నాను నూతిలో పడతాను, నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, ఏమీ అనలేదు, ఆ మౌనాన్ని నేను అమ్మ కోపం పక్కనే పెట్టుకున్నాను, రెండూ ఒకటే అనుకున్నాను.

అప్పటి నుంచి ఆ ప్లాన్ డబ్బులు కట్టేది నేనే, టెక్కలిలో జెరాక్స్ షాపులో పనికి చేరాక నా జీతంలోంచి, ఎందుకు కడుతున్నానో మొదట నాకే తెలియలేదు, ఒకరోజు సాయంత్రం బస్సులో, రావివలస దాటుతుంటే, కిటికీ లోంచి వరి వాసన వస్తుంటే, నా పాట ఆగిపోయింది, మరో ఫోన్‌లో పాట నడుస్తోంది, చదివాను, మళ్లీ చదివాను, ఖాతాలో ఉన్నవి రెండే ఫోన్లు, ఒకటి నాది, ఇంకోదాని పేరు గ్లోరీ ఫోన్, సిమ్ మార్చుకుంది గానీ ఫోన్ మార్చలేదు, మళ్లీ పాట నొక్కాను, నడిచింది, అంటే తనది ఆగింది, రెండు క్షణాలకు నాది ఆగింది, తను నొక్కింది, మళ్లీ నేను, మళ్లీ తను, పక్క సీట్లో ముసలమ్మ, ఏటమ్మా ఏడుత్తన్నావు, ఎవులైనా పోనారేటి అంది, లేదు మామ్మా, ఉన్నారు, ఉన్నారు అన్నాను, ఆ తర్వాత నేను నొక్కలేదు, విననీ, ఇయర్‌ఫోన్ తియ్యకుండా ఆ నిశ్శబ్దాన్నే పలాస దాకా విన్నాను.

అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, ఎలా చెబుతాను, వారానికి మూడుసార్లు ఈ మంచం మీద పడుకుంటున్న మనిషితో, నీకు కిడ్నీ ఇస్తానని వెళ్లిపోయిన నీ పెద్దకూతురు పాటలు వింటోంది అనా, జీడి సొనకు వేళ్లు నల్లబడి తోలు ఊడినా ఫ్యాక్టరీకి వెళ్లే అమ్మతోనా, నాన్న మంచం పక్కన కూర్చుని చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు పాట ఆగితే, సిగ్నల్ పోయింది నాన్నా అనేదాన్ని, నాన్న ఊఁ అనేవాడు, మళ్లీ పెట్టమనేవాడు కాదు, డబ్బు దండగని అనేవాడూ కాదు, అలా సరిపోయింది, పాట ఆగడం మీదే నా రోజులు సాగాయి, ఆగిన రోజు అన్నం బాగా తినేదాన్ని.

ఇంతలో ఈ నోటీసు వచ్చింది, మీ ప్లాన్ మారుతోంది అని, ధర పెరిగితే పెరిగింది, అది కాదు, ఒక్కరి ప్లాన్ తీసుకుంటే ఒక్క ఫోనే ఉంటుంది, రెండోది ఖాతాలోంచి పోతుంది, అందులో దింపుకున్న పాటలన్నీ చెరిగిపోతాయి, ఇద్దరి ప్లాన్ తీసుకుంటే ఎవరి పాట వాళ్లది, రెండో ఫోన్‌కు ఆహ్వానం వెళుతుంది, వాళ్లు ఒప్పుకోవాలి, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లై ఉండాలి, కింద రెండు బొత్తాలు, ఈ ఫోన్‌నే ఉంచు, రెండో ఫోన్‌ను ఆహ్వానించు, ఏదీ నొక్కకపోతే ఇవాళ్టితో రెండు ఫోన్లలోనూ అన్నీ పోతాయి, మొదటిది నొక్కితే నా చేత్తో నేనే అక్కను గెంటేసినట్టు, రెండోది నొక్కడానికి ఒకే ఇంట్లో అని ఎలా రాయను, అమ్మ ఉన్న ఇంట్లో, ఇంకో భయం కూడా ఉంది, ఒకే ఖాతా కదా, ఈ నోటీసు అక్క ఫోన్‌కు కూడా వెళ్లి ఉంటుంది, ఆ బొత్తాలు తనకూ ఉంటాయి, నాకంటే ముందు తనే ఈ ఫోన్‌నే ఉంచు అని నొక్కేస్తే నేను పోతాను, రోజూ లేవగానే ఫోన్ తెరిచి, ఇంకా ఉన్నానా అని చూసుకుంటున్నాను, ఉన్నాను, ఇవాళ పొద్దున కూడా ఉన్నాను.

రెండో చరణం కూడా అయిపోయింది, పాట పూర్తిగా అయిపోయి ఇంకో పాట మొదలైంది, ప్రమోదిని గారు వచ్చి మిషను మీద అంకెలు చూసి వెళ్లారు, ఇంకాసేపట్లో సూదులు తీసేస్తారు, నాన్న నాలుకతో పెదాలు తడుపుకున్నాడు, దాహం, నీళ్లు కొలత ప్రకారమే ఇవ్వాలి, సీసా మూతతో ఒక్క మూత పోశాను, ఒకప్పుడు చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగే మనిషి, కొబ్బరి దింపు పనిలో నాన్నను మించినవాడు ఉద్దానంలో లేడనేవారు, చెట్టెక్కి కూర్చున్నాక చర్చి కీర్తనలు ఎత్తుకునేవాడు, ఇన్ని చెట్ల మధ్య ఎక్కడున్నాడో పాటను బట్టే మాకు తెలిసేది, పాట ఆగిందంటే దిగుతున్నాడని, అక్కా నేనూ నీళ్ల చెంబు పట్టుకుని ఆ చెట్టు మొదటికి పరుగు, సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయేవి, సూడు గుంటల్లారా, నాకు తెచ్చినారా, ఇసకకి తెచ్చినారా అని నవ్వుతూ దిగేవాడు.

సిన్నగుంటా అన్నాడు నాన్న, ఊఁ నాన్నా, ఈ రోజు పాట ఆగనేదేటి అన్నాడు, సిగ్నల్ బాగుంది నాన్నా అన్నాను, నాన్న కళ్లు తెరిచి నా వైపు చూశాడు, సిగ్నలు కాదే, పెద్దగుంట ఈ రోజు పాట ఎట్టలేదేటి అంతన్నాను, ఒంట్లో బాగోలేదేటి దానికి అన్నాడు, నీకు తెలుసా నాన్నా అన్నాను, తెలవకేటే, రెండు సెవులున్నోడికి ఆమాత్రం తెలవదా, నీ మొకం సూత్తే తెలీదా, పాట ఆగీసరికి దీపమెట్టినట్టు ఎలుగుతాది నీ మొకం, అన్నాడు, పక్క మంచం మన్మథరావు మావ మొహం అటు తిప్పుకున్నాడు, నేను అంతా చెప్పేశాను, ప్లాన్, రెండు బొత్తాలు, ఇవాళే ఆఖరు, అక్కే ముందు నొక్కేస్తుందేమోనని భయం, అంతా, నాన్న విని, దానికి కోపమొచ్చీ, మనమంటే అక్కర్లేకా పోనేదే, భయపడి పోనాది, ఆ గౌను సూసి నాకే భయమేసినాది, అదెంతపాటిది అన్నాడు, మరి దానికీ ఈ కబురు వొచ్చినాది కదా, ఒక్కసారి నొక్కితే దాని పాటలు దానికి మిగులును కదా, ఇన్నాల్లూ మరెందుకు నొక్కనేదు, అన్నాడు.

ఎందుకు నొక్కలేదు, అదే నాకు ఇన్నాళ్లూ తట్టలేదు, పొద్దున్నే లేచి నేను ఇంకా ఉన్నానా అని చూసుకున్నప్పుడల్లా ఉన్నాను అనుకున్నాను, అక్క ఉంచిందని అనుకోలేదు, అమ్మ ఏమంటుందో నాన్నా అన్నాను, మీ అమ్మ ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకుని పెదాలు కదుపుతాది సూడు, పేరు బైటికి ఇనబడదు గానీ రెండు పేర్లకి సరిపడా కదుపుతాది, అన్నాడు నాన్న, సరే నొక్కు, ఏటడుగుతంది అది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా అని అడుగుతోంది నాన్నా, నాన్న సూదులున్న చెయ్యి కదపకుండా రెండో చెయ్యి దుప్పటి లోంచి తీసి నా మోకాలి మీద పెట్టాడు, అవునని నొక్కు, అన్నాడు.

నొక్కాను, ఆహ్వానం వెళ్లింది, కొత్త ప్లాన్ రేపటి నుంచి అని వచ్చింది, పాట నడుస్తోంది, ఏదో కొత్త పాట, నాకు మాటలు అందడం లేదు, నాన్న పాదం తాళం వెయ్యడం లేదు, ఇద్దరం వినడం లేదు, కాచుకుని ఉన్నాం, ఇసక, నీళ్ల చెంబు, మెడ ఎత్తి ఆకుల మధ్య చూడడం, ఏ చెట్టు, ఏ చెట్టు, సరిగ్గా చరణం సగంలో, ఒక మాట పూర్తి కాకుండానే పాట ఆగిపోయింది, నేను తెర చూడలేదు, నాన్న చెయ్యి నా మోకాలి మీద బిగిసింది, మళ్లీ పెట్టకే అన్నట్టు, పెట్టను నాన్నా, అక్క ఒక్క వేలితో నన్ను తీసెయ్యగలిగి తియ్యలేదు, నాలాగే, అచ్చం నాలాగే, తను కూడా ఎక్కడో కూర్చుని రోజూ పొద్దున్నే లేచి ఆ రెండు బొత్తాలనూ చూసి ఊరుకుంది, వెళ్లిపోయింది గానీ వదిలిపెట్టలేదు, అంత పైకి ఎక్కేశాక దిగడానికి భయం వేసి అక్కడే ఉండిపోయింది అంతే, పాట ఆగింది, మా ఇంట్లో పాట ఆగిందంటే దిగుతున్నట్టే.