కొత్త దారం పడని వల

నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. ముసలితనంలో నేర్చిన రాత, ఒక్కో మాటకి చాలాసేపు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఒక వల తన కథ చెప్పుకున్నట్టుగా రాశాను.

నేను ఒక నైలాన్ వలను. విశాఖ దగ్గర ఒక జాలరిపేటలో కొర్లమ్మ చేతుల్లో పుట్టాను. బజార్లో చేపలు అమ్ముకుని వచ్చి, గుమ్మంలో కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించి నన్ను అల్లింది. ఆమె మొగుడు ఎల్లాజీ నన్ను తీసుకుని అదే పేటలోని సోములు తెప్ప మీద వాటాకి వేటకెళ్లేవాడు. ఎప్పటికైనా సొంత తెప్ప కొనాలని మొగుడూ పెళ్లాల ఆశ.

రాళ్లు, పీతలు ఊరుకోవు కదా, వెళ్లినప్పుడల్లా నాకు చిరుగులే. కొర్లమ్మ నన్ను ఇసుకలో పరిచి అన్నీ కుట్టేది. ఆ పని ఎవరి కంటా పడలేదు. పడినవి చేపలే. ఒక ఏడు వరసగా వంజరాలు దొరికేసరికి పేటంతా నన్ను సిరి వల అంది. వేటకి పోతూ నన్ను ముట్టుకుని కళ్లకద్దుకునేవారు. నాకు ముచ్చటగానే ఉండేది కానీ, చేపలు నన్ను చూసి వస్తాయని నేనెన్నడూ అనుకోలేదు. రావడం, రాకపోవడం సముద్రం ఇష్టం. వచ్చినవాటిని జారనివ్వకపోవడమే నా పని.

ఒకనాడు కొర్లమ్మ కుడుతుంటే సోములు చూశాడు.

"ఒరే ఎల్లాజీ! సిరి వలకి కొత్త దారం ఎక్కిత్తే సిరి నిలుత్తాదేట్రా? నీ పెళ్లాం పనినేక దాన్ని పాడుసేత్తంది."

ఎల్లాజీ హడలిపోయాడు. "ఒలే, ఇక దాని జోలికెల్లకు."

"కన్నాల్లోంచి సేపలెల్లిపోతే సిరేటి సేత్తాది మావా?"

"నోర్ముయ్. కలిసొచ్చినప్పుడు కెలక్కూడదు."

ఆమె దారం పక్కన పెట్టేసింది. నా చిరుగులు పెరిగాయి. చేపలు తగ్గిన కొద్దీ ఎల్లాజీ నాకు ఇంకాస్త పసుపు రాసి, ఇంకో కొబ్బరికాయ కొట్టేవాడు. పసుపుతో కన్నాలు పూడతాయా?

ఆ కార్తీకంలో అదృష్టం నిజంగానే వచ్చింది. నీళ్లు నల్లబడేంత చేపల గుంపు సరాసరి నా మీదికి వచ్చి పడింది. వల తెచ్చినవాడికిచ్చే వాటా కూడా కలిపితే ఆ ఒక్క వేటతో తెప్ప చేతికొచ్చేది. తెప్ప మీద అందరూ కేకలు పెడుతూ లాగారు. ఉన్న బలమంతా పెట్టి పట్టాను. పాత చిరుగు దగ్గర పట్టు తప్పింది. అక్కణ్ణుంచి అడుగుదాకా చీలిపోయాను. అన్నీ తళతళలాడుతూ నాలోంచి వెళ్లిపోయాయి.

ఎల్లాజీ నన్ను మోసుకొచ్చి గుమ్మంలో కుప్పగా పడేశాడు. కొర్లమ్మ ఆ చీలికని చేత్తో తడిమింది.

నన్ను కోళ్లు రాకుండా పెరటికి కంచెగా కట్టారు. ఎల్లాజీ ఓపిక ఉన్నన్నాళ్లూ పరాయి తెప్పల మీదే వెళ్లాడు. చివరికి మంచం పట్టి, నా పక్కనే పెరట్లో పడుకునేవాడు. ఒక సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"శానా కష్టపడ్డామే కొర్లీ. మనకి కలిసి రానేదు."

ఆమె నా వైపు చూసింది. తర్వాత కొంగుతో అతని నుదురు తుడిచింది.

"అవును మావా. కలిసి రానేదు."

గరికిన కొర్లమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు భీమిలిలో కూతురి దగ్గర ఉంటున్నాను.