స్వాగతం సార్ ఇల్లు

స్వాగత సభకి వేయాల్సిన తెల్లటి బల్లగుడ్డలు ఇస్త్రీ చేస్తోంది ఆవిడ. ఏటా ఇదే పని. యూనివర్సిటీకి సొంత లాండ్రీ ఉంది, కానీ ఆవిడ భర్తకి ఆ ఇస్త్రీ కంటికి ఆనదు. "నీ చెయ్యి పడితేగానీ మడత నిలవదోయ్" అంటాడు. ఆ ఒక్క మెచ్చుకోలుతో మూట మొత్తం ఇంటికి చేరుతుంది.

ఆయన్ని అక్కడ అందరూ స్వాగతం సార్ అంటారు. క్యాథలిక్ ఫాదర్లు నడిపే ఆ యూనివర్సిటీలో ఏ మతం పిల్లలు చేరినా పరాయితనం తెలియకుండా చూసే కమిటీకి ఆయనే పెద్ద. చదువులు మొదలయ్యే రోజున ఒక్కో మతం నుంచి ఒక్కో విద్యార్థి వేదికెక్కి తమ ఇంటి ప్రార్థన పైకి చదవాలన్నది ఆయన పెట్టిన ఆనవాయితీ. అందరికీ కలిపి ఒక ప్రార్థన గది ఉండాలన్నదీ ఆయన ఆలోచనే. ఆలోచన ఆయనది. పరదాలు కుట్టింది, తివాచీ ఉతికింది, ఎవరు మాంసం ముట్టరో గుర్తుపెట్టుకుంది, ఎవరు ప్రార్థనకి ముందు కాళ్లు కడుక్కుంటారో చూసి కుళాయి దగ్గర తువ్వాళ్లు సర్దింది ఆవిడ. జీతం మాట ఎత్తితే "మనింటి పనేగా" అంటాడు. ఫాదర్ డైరెక్టర్ గారు ఎదురుపడ్డప్పుడల్లా "మీ ఆయనది పెద్ద మనసమ్మా" అంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. నవ్వక ఏం చేస్తుంది?

పెళ్లికి ముందు ఆవిడది వేరే మతం. ప్రేమించుకునే రోజుల్లో ఆయనకి అదో ముచ్చట. ఆవిడ ప్రార్థన చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున పొయ్యి వెలిగిస్తూ అలవాటుగా పైకి చదువుకుంటుంటే, అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో అవి వద్దమ్మా" అంది. అరవలేదు. అరిచి ఉంటే పోట్లాడేదే. ఆ తర్వాత ఆయన నెమ్మదిగా సర్దిచెప్పాడు. "నాకేం పట్టింపు లేదు. అమ్మ బాధపడుతుంది. రేపు పిల్లలు పుడితే వాళ్లూ అయోమయంలో పడతారు. మనసులో అనుకో, ఎవరొద్దన్నారు?" అప్పటినుంచీ మనసులోనే అనుకుంటోంది. గిన్నెలు తోముతూ, కుళాయి చప్పుడులో, పెదాలైనా కదపకుండా. తల్లి పోయినప్పుడూ అంతే. పక్కన అత్తగారు కూర్చుని ఉంది. తనకి ఒక ప్రార్థన ఉందన్న సంగతి కన్నకూతురికి ఇప్పటికీ తెలియదు.

ఫోన్ మాట్లాడి ఆయన హడావిడిగా వచ్చాడు.

"కొంప మునిగింది. మీవాళ్ల తరఫున చదవాల్సిన అమ్మాయికి జ్వరమట. సాయంత్రం బిషప్ గారొస్తున్నారు. ఆయన ముందు ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? నువ్వు చదివెయ్."

"నేనా?"

"నీకు గుర్తుండే ఉంటుందిగా. మొత్తం అక్కర్లేదు, ఫోటో తీసేదాకా చాలు. అమ్మకి నేను చెప్తాలే."

మీవాళ్లు! ఇన్నేళ్లకి ఆ ఇంట్లో ఆ మాట వినపడింది, అదీ కుర్చీ నింపడానికి. ఆయన వెళ్లాక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పైకి చదవబోయింది. మొదటి చరణం వచ్చింది. రెండోది సగం వరకు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడికే వచ్చి ఆగిపోయింది. ఆ ముక్క ఎప్పుడు పోయిందో, ఏ అంట్లు తోముతుండగా జారిపోయిందో తెలియదు. అడగడానికి తల్లి లేదు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. మనసులో అనుకోమన్నారు. మనసులో కూడా మిగల్చలేదు.

ఫ్లాస్కులో వేడి పాలు పోసుకుని హాస్టల్‌కి వెళ్లింది. అమ్మాయి దుప్పటి ముసుగులో వణుకుతోంది.

"సారీ ఆంటీ, సార్‌కి కోపమొచ్చిందా?"

"అదేం లేదు. ముందు ఇవి తాగు. మీ ప్రార్థన ఒక్కసారి చదివి వినిపిస్తావా?"

"మీకు వచ్చా ఆంటీ?"

"వచ్చేది."

అమ్మాయి బొంగురు గొంతుతో చదివింది. పోయిన ముక్కలో పెద్ద విశేషమేమీ లేదు. వానలు పడాలని, జబ్బుపడ్డవాళ్లు లేచి తిరగాలని. ఆవిడ ఒక్కో మాటా వెనకాలే పైకి అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఒకచోట తప్పితే అమ్మాయి దిద్దింది. మళ్లీ మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివింది. అప్పుడొచ్చాయి కన్నీళ్లు. అమ్మాయి కంగారుపడి చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం హాలు గుమ్మం దగ్గర ఆయన ఎదురుచూస్తున్నాడు.

"గుర్తొచ్చిందా?"

"మొత్తం వచ్చింది."

"హమ్మయ్య! మూడో కుర్చీ నీది. పద."

"ఆ కుర్చీ తీయించండి. నేనిక్కడ చదవను."

"పిచ్చా నీకు? బిషప్ గారి కారు గేటు దగ్గరకొచ్చింది. నా పరువేం కావాలి? చదవనిదానివి మరి ఎందుకు నేర్చుకున్నట్టు?"

"ఇక్కడ చదవడానికేముందండీ, ఇక్కడ ఎవరినీ వద్దనరు," అంది ఆవిడ. "నన్ను వద్దన్నచోట చదువుతాను. రేపు పొద్దున, మనింట్లో."